గ్రూపుకి తాళం పడిన మధ్యాహ్నం

ఆ మనిషిని నేను క్షమించలేదు. క్షమించే ఉద్దేశం కూడా లేదు. చివర్లో ఇద్దరం నవ్వుకుని కాఫీలు తాగుతామేమోనని ఎవరైనా ఎదురుచూస్తారని ముందే చెప్పేస్తున్నాను. మా వైపు ఆడవాళ్లకి కోపం పుట్టింటి సారెతో పాటు వస్తుంది. నాకు కాస్త ఎక్కువే పెట్టి పంపారు.

కోపం సంగతి అలా ఉంచితే, నాకు వాతావరణం పిచ్చి. ఏలూరులో ఒక కాలేజీ ఆఫీసులో పనిచేసినంత కాలం కిటికీ పక్క సీటు కోసమే అందరితోనూ గొడవ పెట్టుకున్నాను, మబ్బులు కనబడతాయని. రిటైరయ్యాక డాబా మీద రెయిన్ గేజ్ పెట్టించాను. మెట్ల కింద నీడలో థర్మామీటరు వేలాడదీశాను. పొద్దున్నే ముగ్గు వేసే ముందు గాలి ఎటు నుంచి వస్తోందో చూడకపోతే నాకు కాఫీ రుచించదు. మా ఆయన పౌరోహిత్యం చేస్తారు. "నీ థర్మామీటరూ నా పంచాంగమూ ఒకటేనే. అంతా జరిగిపోయాక, ముందే చెప్పాం కదా అనుకోవడానికి పనికొస్తాయి" అంటారు. ఆయన మాట నేను వినను.

నాలాంటి పిచ్చివాళ్లందరికీ కలిపి ఫోన్లో ఒక గ్రూపు ఉండేది. ఏలూరు, తాడేపల్లిగూడెం వాళ్లు, భీమడోలు రైతులు, కలిదిండిలో రొయ్యల చెరువులున్నవాళ్లు, చింతలపూడి నుంచి ఒక హైస్కూలు టీచరమ్మ. దానికి అడ్మిన్ తాడేపల్లిగూడెంలో ఉండే రిటైర్డు ఫిజిక్సు లెక్చరరు. నేను క్షమించనిది ఆయన్నే.

ఆ గ్రూపు పనిచేసే పద్ధతి చెప్పాలి. మాకు వేసవి వానలు సముద్రం వైపు నుంచి రావు. మధ్యాహ్నం ఎండ మండిపోయాక వాయవ్యంగా మెట్టలో మబ్బు లేస్తుంది. అది మొదట కనబడేది చింతలపూడికి. టీచరమ్మ బడి వరండాలోంచి చూసి, "లేచిందండి, కిందికి దిగుతోంది" అని గ్రూపులో పెట్టేది. అక్కణ్ణించి గంటకో, గంటన్నరకో మా మీదికి, ఆ తర్వాత కొల్లేరు మీదికి. ఈలోగా ఆరబోసినవాళ్లు వడ్లు కుప్ప చేసి బరకాలు కప్పుకునేవాళ్లు. మా డాబాల మీద వడియాలు కూడా ఆవిడ పుణ్యమాని బతికేవి. రాడార్లూ శాటిలైటు బొమ్మలూ ఎన్ని ఉన్నా మేమంతా చూసేది ఆవిడ మాటకే. ఆవిడ ఏమీ పెట్టలేదంటే మబ్బు లేనట్టే. గ్రూపు నోరు మెదపకపోతే ఆకాశం బాగున్నట్టేనని ఎవరూ అనుకోకుండానే అలవాటైపోయింది.

ఏటా శివరాత్రి వెళ్లాక ఒక ఆదివారం అడ్మిన్ గారి డాబా మీద కూర్చుని, రాబోయే వేసవి ఎలా ఉంటుందో చెప్పుకోవడం మా ఆనవాయితీ. ఆ ఏడూ వెళ్లాను. అల్లం టీ, మిక్చరు, ప్లాస్టిక్ కుర్చీలు. కలిదిండి చెరువుల ఆయన మొదలుపెట్టారు.

"శివరాత్రికి చలి శివశివా అని పోతుందంటారు కదండీ. ఈసారి రథసప్తమికే చెప్పాపెట్టకుండా పోయిందండి. చెరువు నీళ్లు అప్పుడే గోరువెచ్చగా తగులుతున్నాయి."

పొద్దుటి మంచు పలచబడిందనీ, కొల్లేరు మీద గాలి దక్షిణానికి తిరిగిందనీ తలో మాటా అన్నారు. చింతలపూడి టీచరమ్మకి పామాయిల్ తోట ఉంది, దాని గట్టు మీద నాలుగు మామిడి చెట్లున్నాయి. పూత ఈసారి విడతలు విడతలుగా వస్తోందనీ, అలా వచ్చిన ఏడు గాలివానలు ఎక్కువని తను చూసిందనీ చెప్పింది. ఎల్‌నినో ఉన్నట్టా లేనట్టా అని కాసేపు వాదించుకున్నాం. ఇంతవరకూ బాగానే ఉంది. ఏడాదికి ఒక్కసారి నాకు నిజంగా సంతోషంగా ఉండే పూట అది.

అప్పుడు అడ్మిన్ గారు లేచారు. గొంతు సవరించుకున్నారు. క్లాసులో అటెండెన్సు తీసుకునేవాడిలా మా అందరినీ ఒకసారి చూశారు.

"పూతలూ కాతలూ వదిలేయండి. ఈ వేసవి రికార్డులు బద్దలవుతాయి. మే నెలాఖరు దాకా చుక్క వాన ఉండదు. ఇది నా మాట కాదు, నా స్టేషను చెబుతున్న మాట."

ఆ స్టేషను మాకు ఎదురుగానే ఉంది. రేకుల షెడ్డు పక్కన, చెయ్యి చాపితే రేకు తగిలేంత దగ్గరలో ఇనప గొట్టానికి బిగించి ఉంది. ఆ రేకు మీద మధ్యాహ్నం అప్పడం వేస్తే కాలిపోతుంది. అలాంటి చోట కొలిచి, ఎండాకాలం పొడుగునా రోజూ "రాష్ట్రంలోకెల్లా అత్యధికం మన తాడేపల్లిగూడెం" అని గ్రూపులో పెడతారు, కిరీటం బొమ్మతో సహా. ఊరు ఊరంతటికీ లేని జ్వరం అంటగట్టే మనిషి.

నా నోరు ఊరుకోదు కదా. "లెక్చరర్ గారూ, మీరు కొలిచేది వేసవినా, రేకుల షెడ్డునా అండీ?" అన్నాను.

అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు.

"అమ్మా, మీరు ఆఫీసులో ఫైళ్లు సర్దినవారు. ఇది సైన్సండీ. మీకెందుకీ శ్రమ? ఇంట్లో పంచాంగం ఉంది కదా, ఎన్ని కుంచాల వానో అందులో చూసుకోండి."

ఒళ్లు మండిపోయింది. నా ఉద్యోగాన్నీ మా ఆయన వృత్తినీ ఒకే గుక్కలో తీసిపారేశాడు. నేను ఊరికే వెళ్లలేదులెండి. చేతిసంచిలో తువ్వాల్లో చుట్టి నా థర్మామీటరు తీసుకెళ్లాను. దాన్ని తీసి, ఆయన మెట్ల గది నీడలో మేకుకి తగిలించాను. టీ తాగడం అయ్యాక అందరినీ పిలిచి చూపించాను. ఆయన స్టేషనుకీ దానికీ పొంతనే లేదు. టీచరమ్మ రెండూ చూసి, "షెడ్డుకి కాస్త దూరం జరిపించండి మాస్టారూ, ఎవరి పరువూ పోదు" అంది.

"అది సంతలో సరుకండీ" అన్నారు ఆయన, నా థర్మామీటరుని వేలితో తాకకుండానే. ఆడలేక మద్దెల ఓడన్నారట, ఆ బాపతు. అయితే టీచరమ్మ వైపు చూసిన చూపు మాత్రం నాకు గుర్తుంది. అది మనసులో పెట్టుకున్నాడు.

తిరుగు ప్యాసింజరులో వస్తూ భీమడోలులో దిగాను. మా చెల్లెలు అక్కడ ఉంటుంది. దాని కథే అసలు కథ.

మా నాన్నగారు దానికి రాసిచ్చిన పొలం చెక్క ఒకటి ఊరి పక్కన ఉంది. మాకు తెలిసినప్పటి నుంచీ అది కౌలుకే. మంత్రాలు చదువుకునే ఇళ్లలో వ్యవసాయం ఎవరు చేస్తారు? కానీ మా చెల్లెలికి పొలమంటే ప్రాణం. గట్టు మీద నిలబడితే దాని మొహమే మారిపోతుంది. ఆ ఏడు, వేసవిలో కోతకొచ్చే దాళ్వా పంట తనే వేస్తానని పట్టుబట్టింది. దాని అత్తవారింట్లో పెద్ద రభస. బళ్లో పాఠాలు చెప్పుకునే మా మరిది మెత్తని మనిషి, చివరికి ఒక షరతు పెట్టాడు. "ఈ పంట ధాన్యం శుభ్రంగా ఇంటికి చేరిందా, పొలం నీది, నీ ఇష్టం. ఏ మాత్రం తేడా వచ్చినా మళ్లీ కౌలుకే. ఇంకోసారి ఆ మాట ఎత్తకూడదు." అది ఒప్పుకుంది.

నేను వెళ్లేసరికి చేలో నడుం దాకా పచ్చగా ఉంది. పాదాలకి బురద, చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని ఉంది. గట్టు మీదే కూర్చున్నాం.

"ఏమన్నారక్కా మీ వాళ్లు? వేసవి ఎలా ఉంటుందిట?"

నేను ఎల్‌నినో దగ్గర్నుంచి మొదలుపెట్టాను. అది చెయ్యి అడ్డం పెట్టింది.

"అవన్నీ నాకొద్దక్కా. నేను కోసి ఆరబోసుకున్న నాలుగు రోజులూ వాన వస్తుందో రాదో అది చెప్పు. ఆ నాలుగు రోజులూ గట్టెక్కితే ఇంక నన్ను ఈ చేలోంచి ఎవరూ లాగలేరు."

"మా గ్రూపు ఉందిగా. చింతలపూడిలో మబ్బు లేస్తే నీకు తెలియకుండా ఎక్కడికి పోతుంది?" అన్నాను. అన్నానా? అన్నాను.

ఉగాది వచ్చింది. మా ఆయన గుళ్లో పంచాంగం చదివారు. ఆ సాయంత్రమే అడ్మిన్ గారు పంచాంగంలో వానల పేజీ ఫొటో తీసి, "మన గ్రూపులో ఒక మేడమ్ గారి వాతావరణ కేంద్రం నుంచి తాజా సమాచారం" అని పెట్టారు. పైగా దండం పెట్టే బొమ్మ. మా ఆయన చూసి నవ్వేశారు. నేను నవ్వలేదు. "పంచాంగం ఏడాదికి ఒక్కసారే తప్పు చెబుతుందండీ, రేకుల షెడ్డు రోజూ చెబుతుంది" అని జవాబు పెట్టాను. కలిదిండి ఆయన "ఇద్దరూ పెద్దవారు, వదిలేయండి" అన్నారు. పెద్దవారైతే వదిలేయాలని ఎక్కడుంది?

చేలు పండాయి. మా చెల్లెలు కోత మిషను పెట్టి కోయించింది. మిషను కోసిన వడ్లు పచ్చిగా ఉంటాయి, ఎండలో ఆరితేగానీ మిల్లువాళ్లు తీసుకోరు. మా వైపు అంతా చేసినట్టే కాలవ పక్క రోడ్డు మీద ఒక వారగా పరిచింది. పగలు కాళ్లతో దున్నుతూ తిరగేయడం, పొద్దుగూకే వేళ కుప్ప చేసి బరకం కప్పడం. రోజూ నాకు ఫోన్. "ఇవాళ కొరికి చూశానక్కా, టక్కుమంది" అంది ఒకరోజు. దాని గొంతులో అంత గర్వం నేను దాని పెళ్లప్పుడు కూడా వినలేదు. ఇంకొక్క రోజు ఎండ తగిలితే సంచుల్లోకి ఎత్తేయడమే.

ఆ సాయంత్రమే గ్రూపులో రగడ మొదలైంది. అడ్మిన్ గారు మళ్లీ కిరీటం పెట్టారు, మళ్లీ రాష్ట్రంలోకెల్లా అత్యధికం. నేను "రేకు మాస్టారికి శుభాకాంక్షలు" అన్నాను. టీచరమ్మ తన బడి వరండాలో థర్మామీటరు ఫొటో పెట్టింది. ఏలూరు వాళ్లు ఇద్దరు ముగ్గురు తమవీ పెట్టారు. ఒక్కరిదీ ఆయన దానితో కలవలేదు. నవ్వు బొమ్మలు వరసకట్టాయి. కాసేపటికి ఆయన దగ్గర్నుంచి సందేశం వచ్చింది: "కొందరి వ్యక్తిగత వ్యాఖ్యల వల్ల గ్రూపు గౌరవానికి భంగం కలుగుతోంది. ఇకపై అడ్మిన్ మాత్రమే సందేశాలు పెట్టగలరు."

అంతే. తాళం వేసేశాడు. ఫోన్లో రాయడానికి చోటు ఉండే దగ్గర, అడ్మిన్ మాత్రమే రాయగలరని బోర్డు వచ్చింది. మనం వినాలి, ఆయన చెప్పాలి. రిటైరయ్యాడు కానీ క్లాసు వదల్లేదు.

నాకు ఆ రాత్రి నిద్రలో కూడా కోపమే. తెల్లవారాక మా చెల్లెలు ఫోన్ చేసింది. పక్కన పారల చప్పుడు వినబడుతోంది.

"అక్కా, గ్రూపులో ఏమైనా వచ్చిందా?"

"ఏం రాలేదే" అన్నాను.

"అయితే బరకాలు తీసేసి మొత్తం పరిచేస్తాను. మధ్యాహ్నం మిల్లుకెళ్లి గోనెసంచులు తెచ్చుకుంటా. సాయంత్రానికి ఎత్తేస్తే నా పని అయిపోయినట్టే."

"శుభం" అన్నాను.

మధ్యాహ్నం భోజనాలయ్యాయి. మా ఆయన ఏదో గృహప్రవేశానికి వెళ్లారు. నేను ఫ్యాను కింద మంచం మీద పడుకుని ఫోన్ పట్టుకున్నాను. గ్రూపులో ఎలాగూ పెట్టనివ్వడు కనుక, ఆయనకి విడిగా ఒక జవాబు రాయడం మొదలుపెట్టాను. మొదటి నుంచీ అన్నీ రాశాను. ఫైళ్లు సర్దడం గురించి రాశాను. పంచాంగం గురించి రాశాను. నీడలో కొలవాలన్న సంగతి ఏ తరగతి పిల్లలకైనా చెబుతారని రాశాను. ఎంత బాగా కుదిరిందంటే, రాసిందే మళ్లీ మళ్లీ చదువుకుని మాటలు మారుస్తూ కూర్చున్నాను. గదిలో వెలుతురు తగ్గితే కిటికీ రెక్క గాలికి పడిందనుకున్నాను.

డాబా మీద ఏదో ధడాలున పడింది. అప్పుడు లేచి పరిగెత్తాను. రెయిన్ గేజ్ మూత ఎగిరి మెట్ల మీద పడి ఉంది. వాయవ్యం వైపు ఆకాశం వంకాయ రంగులో ఉంది. ఏలూరులో మట్టి కళ్లలో కొడుతోంది. మబ్బు మా పక్కనుంచి, సరిగ్గా భీమడోలు దారి పట్టింది. ఫోన్ చేశాను. మోగింది, ఎత్తలేదు. మిల్లులో మిషన్ల హోరులో ఏం వినబడుతుంది? మళ్లీ చేశాను. మా మరిదికి చేశాను, బళ్లో పరీక్షలట, ఫోన్ కట్టేసి ఉంది. ఏలూరుకి నాలుగే నాలుగు పెద్ద చుక్కలు పడ్డాయి. ఆ నాలుగు చుక్కల్లో తడుస్తూ డాబా మీద నిలబడి అటే చూస్తూ ఉండిపోయాను.

మా చెల్లెలు ఆటోలో సంచులు వేసుకుని వచ్చేసరికి అంతా అయిపోయింది. ముందు ఈదురుగాలి, వెనకే వాన. రోడ్డు వారగా పరిచిన వడ్లు నీళ్లతో కలిసి కాలవలోకి పారుతున్నాయట. అదీ, పక్క చేల ఆడవాళ్లూ చీర కొంగులు అడ్డం పెట్టి, తట్టలతో తోడి, దొరికినంత కుప్ప చేశారట. మడత పెట్టిన బరకాలు మైలురాయి పక్కన అలాగే ఉన్నాయట, చక్కగా.

సాయంత్రం అదే ఫోన్ చేసింది. "అక్కా" అంది. "కాలవలో పోయాయి" అని పెట్టేసింది.

ఆ ఫోన్ పెట్టేశానో లేదో గ్రూపులో గంట మోగింది. అడ్మిన్ గారు. "అదిరింది మిత్రులారా! ఈదురుగాలులతో కుండపోత! మన తాడేపల్లిగూడెం స్టేషనులో ఈ సీజనుకే రికార్డు వర్షం!" మెరుపుల బొమ్మలు, చప్పట్ల బొమ్మలు. మే నెలాఖరు దాకా చుక్క వాన ఉండదన్న మనిషి. కింద ఎవరూ ఏమీ అనలేకపోయారు. అననివ్వలేదు కదా.

కాసేపటికి చింతలపూడి టీచరమ్మ నాకు ఫోన్ చేసింది. ఆవిడతో విడిగా ఫోన్లో మాట్లాడడం అదే మొదలు. మా చెల్లెలి వడ్ల సంగతి చెప్పాను.

"మబ్బు లేవగానే టైపు చేశానండి. పెట్టబోతే అడ్మిన్ మాత్రమే అని వచ్చింది. సరేనని ఆయనకే పంపాను, మీరైనా పెట్టండి మాస్టారూ అని. చూడలేదు. ఫోన్ చేస్తే ఎత్తలేదు. నిన్నటి గొడవ గురించి చేస్తున్నాననుకున్నారట, ఇప్పుడు చెబుతున్నారు. మీ చెల్లెలు గారు వడ్లు పోసుకున్నారని నాకు తెలియదండి. తెలిస్తే మీకే చేసేదాన్ని కదా, ఎందుకు చెయ్యను?"

ఆ మనిషి ఇంటికి అప్పుడే వెళ్లి గుమ్మంలో నిలబడి కడిగేద్దామనిపించింది. మా ఆయన ఆపారు. ఈలోగా ఆ అడ్మినే తాళం తీసి, ఆదివారం తన డాబా మీద "ఈదురుగాలుల విశ్లేషణ" అని మీటింగు పెట్టాడు. సరే, పులిని చూడ్డానికి గుహకే వెళ్దాం అనుకున్నాను. చెల్లెల్ని కూడా రమ్మన్నాను. రానంటుందనుకున్నాను. వస్తానంది.

భీమడోలులో ప్యాసింజరు ఎక్కింది. ఒళ్లో ఒక స్టీలు డబ్బా పెట్టుకుని కూర్చుంది. తాడేపల్లిగూడెం దాకా నేను దానికి నూరిపోస్తూనే ఉన్నాను: ఇలా అడుగు, అలా నిలదియ్యి, వదిలిపెట్టకు. అది కిటికీలోంచి కోసిన చేలని చూస్తూ ఊఁ కొట్టింది.

డాబా మీద ఆయన గాజు గొట్టం పట్టుకుని వాన ఎంతవరకూ వచ్చిందో గోటితో చూపిస్తున్నారు. రేకుల షెడ్డు అక్కడే ఉంది, స్టేషనూ అక్కడే ఉంది. మా చెల్లెలు నేరుగా వెళ్లి ఆ గొట్టం పక్కన డబ్బా పెట్టి మూత తీసింది. డబ్బా నిండా వడ్లు. ఒక్కొక్క గింజకీ తెల్లగా మొలక వచ్చి, ఒకదానికొకటి పెనవేసుకుని ఉన్నాయి. పుల్లటి వాసన వేసింది.

"నమస్కారమండీ. మాది భీమడోలండి. ఇది ఎన్ని మిల్లీమీటర్లు అవుతుందో కాస్త చూసి చెబుతారా అండీ?"

గొంతు పెంచలేదు. నాకైతే, నిజం చెబుతున్నాను, కడుపు నిండిపోయింది. నేను నూరిపోసిన వాటిలో ఈ మాట లేదు.

"అమ్మా..." అన్నారు ఆయన. గొట్టం కింద పెట్టారు. "ప్రకృతి అండీ. మన చేతుల్లో ఏముంటుంది చెప్పండి."

"తాళం మీ చేతుల్లోనే ఉంది కదండీ" అంది టీచరమ్మ.

ఇంక నేనందుకున్నాను. మంచం మీద రాసుకున్నదంతా నోటికి వచ్చేసి ఉంది కదా, ఒక్క ముక్క వదలకుండా అప్పజెప్పాను. ఒక ఆడబిడ్డ మొదటి పంట మీద మెరుపు బొమ్మలు పెట్టి చప్పట్లు కొట్టావన్నాను. నువ్వు అనే అన్నాను, అండీ లేదు గిండీ లేదు. ఆయన అంతా విన్నాడు. కానీ జీవితమంతా పిల్లల తప్పులు పట్టిన మనిషి, ఎక్కడ పట్టుకోవాలో తెలుసు.

"మేడమ్ గారూ, తాళం వేశానని ఆ ముందు సాయంత్రమే గ్రూపులో పెట్టాను. అందరికంటే ముందు చదివింది మీరే. మీ చెల్లెలు గారికి ఆ సంగతి చెప్పలేదా అండీ?"

మా చెల్లెలు నా వైపు తిరిగింది.

"ఆ పొద్దున్న నేను అడిగితే ఏం రాలేదన్నావు. తాళం పడిందని నీకు అప్పటికే తెలుసా అక్కా?"

"తెలుసే, కానీ..."

కానీ తర్వాత ఏముందో నాకిప్పటికీ తట్టలేదు. అది డబ్బా మూత పెట్టుకుంది. అందరికీ దణ్ణం పెట్టింది, ఆయనకి కూడా. మెట్లు దిగిపోయింది. స్టేషనులో నా పక్కనే కూర్చుంది, రైల్లోనూ నా పక్కనే కూర్చుంది. భీమడోలు వస్తుండగా లేచి నిలబడి అడిగింది.

"ఇంతకీ మీ ఇద్దరిలో ఎవరి థర్మామీటరు కరెక్టక్కా?"

నాదే కరెక్టు. ఇవాళ అడిగినా అదే చెబుతాను. ఆ రోజు మాత్రం సీటు మీది డబ్బా తీసి దాని చేతికిచ్చాను. అది దిగి వెళ్లిపోయింది.

మిగిలిన వడ్లు కోళ్ల దాణాకి పోయాయి. పొలం మళ్లీ కౌలుకి వెళ్లింది. మా మరిది ఒక్క మాట అనలేదు. అనక్కర్లేదు, షరతు ముందే ఉంది. అడ్మిన్ గారికి రాసిన జవాబు నేను పంపనేలేదు. ఇప్పటికీ నా ఫోన్లో ఉంది. ఒక్క తప్పు లేదు అందులో.

ఆ గ్రూపులోంచి బయటికి వచ్చేశాను. టీచరమ్మా నేనూ కలిసి వేరే గ్రూపు పెట్టాం. అందులో ఎవరైనా ఏదైనా పెట్టొచ్చు, తిట్టుకోవచ్చు కూడా. ఆయన మాత్రం లేడు, ఉండడు.

ఈ ఏడూ దాళ్వా కోతలు వచ్చాయి. మొన్న మధ్యాహ్నం టీచరమ్మ "లేచిందండి, కిందికి దిగుతోంది" అని పెట్టింది. నా చేతులు వాటంతటవే మా చెల్లెలికి ఫోన్ కలిపాయి. ఈసారి మొదటి రింగుకే ఎత్తింది.

"ఏమే, మబ్బు లేచిందట. గంటలో మీ మీద ఉంటుంది. తొందరగా బరకాలు కప్పేయ్."



"ఎవరి వడ్ల మీద కప్పమంటావక్కా?" అంది. తర్వాత, "కౌలాయనకి చెబుతాలే" అని పెట్టేసింది.